పొగ మిషన్‌ను నమ్మిన ఏడాది

పోయిన నెల, కొత్తగా మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్లుగా చేరినవాళ్లు నలుగురు, అదే ఉద్యోగం చేసి రిటైరైన నన్ను చూడటానికి ఇంటికి వచ్చారు. అందరూ చిన్నవాళ్లే. ఇస్త్రీ మడత చెదరని కొత్త యూనిఫారాలు. వాళ్లలో ఒకమ్మాయి అడిగింది: "సర్వీసులో మీకు ఒక్క మెమో కూడా రాలేదంట కదా సార్, అదెట్లా సాధ్యమైంది?"

నిజమే, రాలేదు. కానీ రావాల్సిన మెమో ఒకటుంది. అది ఎవరూ ఇవ్వలేదు. ఆ సంగతి వాళ్లకు చెప్పలేక, టీ ఇచ్చి, రూల్స్ బాగా చదవండని చెప్పి పంపించేశాను. వాళ్లు వెళ్లాక సిగ్గేసింది. అందుకని ఇప్పుడు రాస్తున్నాను.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల చుట్టుపక్కలే నా ఉద్యోగమంతా తిరిగింది. ఈ సంగతి ఏ ఆఫీసులో జరిగిందో చెప్పను. ఎవరి పేరూ రాయను. తప్పు చేసినవాళ్లలో పెద్దవాణ్ని నేనే కాబట్టి మిగిలినవాళ్ల పేర్లతో పని లేదు.

మాది క్రైస్తవ మిషనరీల బళ్లో చదువుకుని పైకొచ్చిన కుటుంబం. తాత ఆ బళ్లో గంట కొట్టే పని చేశాడు. నాన్న అదే బళ్లో టీచరయ్యాడు. లంచం ముట్టుకోకూడదన్నది నాకు ఎవరూ ప్రత్యేకంగా నేర్పలేదు, ఇంట్లో గాలిలోనే ఉండేది. ఉద్యోగంలో కూడా ముట్టుకోలేదు. అది మంచి సంగతే. కాకపోతే ఆ మంచితనం మీద నాకు కొంచెం పొగరు కూడా ఉండేది. ఈ కథ ఆ పొగరు గురించే.

ఆ రోజుల్లో మా దగ్గర పొగ పరీక్ష ఎట్లా జరిగేదో ముందు చెప్పాలి. రోడ్డు పక్కన ప్రైవేటు వ్యాన్ ఒకటి ఆగి ఉండేది. బండి అక్కడికి పోతే నంబరు ప్లేటుకు ఫోటో తీసి కాగితం చేతిలో పెట్టేవాళ్లు. పొగ గొట్టంలోకి కడ్డీ పోయేది కాదు. ఇంజన్ ఆపేసిన బండికి కూడా పాసైనట్టు కాగితం వచ్చేది. అందరి దగ్గరా కాగితాలుండేవి, ఊరి మీద పొగ మాత్రం అట్లాగే ఉండేది.

ఇట్లా ఉండగా మా ఆఫీసుకే సొంతంగా ఒక పొగ మిషన్ వచ్చింది. కడ్డీ పొగ గొట్టంలో పెట్టి, యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే, పొగ ఒక గొట్టం గుండా మిషన్‌లోకి పోతుంది. లోపల ఒకవైపు దీపం, రెండోవైపు అద్దం వెనక కన్ను. పొగ ఎంత చిక్కగా ఉంటే దీపం వెలుగు అంత తక్కువగా ఆ కంటికి అందుతుంది. దాన్నిబట్టి ఒక అంకె పడుతుంది. అంకె గీత దాటితే ఫెయిల్. అంతే.

నాకు పండగలా అనిపించింది. "మిషన్‌కు కులం లేదు, పార్టీ లేదు, సిఫార్సు లేదు," అని వచ్చినవాళ్లందరికీ చెప్పేవాణ్ని. ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కు వచ్చే ప్రతి బండీ ఈ మిషన్‌లో పాస్ కావాల్సిందేనని, వ్యాన్ కాగితం నేను చూడనని బోర్డు రాయించాను. దాంతోపాటు వచ్చిన చిన్న పుస్తకాన్ని ఎవరైనా పోగొడతారేమోనని ప్లాస్టిక్ కవరు కూడా చించకుండా బీరువాలో పెట్టి తాళం వేశాను.

మొదటి వారంలోనే మా పై అధికారి పిలిచాడు. మంచి మాటకారి. "నువ్వు చిన్న బండ్లు చూసుకో. టిప్పర్లూ లారీలూ నేను చూసుకుంటా. నీకెందుకు ఆ తలనొప్పి," అన్నాడు. ఆ మాటకు అర్థం నాకు తెలుసు. టిప్పర్ల కాగితాలు, బండ్లు రాకుండానే, ఒక కవర్లో కట్టగా వచ్చేవి, సంతకాలై అట్లాగే పోయేవి. నేను సరేనన్నాను. నా ముందుకు వచ్చిన బండికి నేను న్యాయంగా ఉంటే చాలనుకున్నాను. నా ముందుకు ఏవి వస్తున్నాయి, ఏవి రావడం లేదు అన్నది కూడా న్యాయంలో భాగమేనని అప్పుడు తోచలేదు.

ఒక ఆటో డ్రైవరు నా దగ్గరికి వచ్చింది మిషన్ పెట్టిన ఆరో నెలలో. ప్రొద్దుటూరు మనిషి, నలభై ఐదు దాటి ఉంటాయి. కువైట్‌లో పన్నెండేళ్లు మెకానిక్‌గా చేసి, ఇంక పోనని తిరిగొచ్చి, పాత డీజిల్ ఆటో కొనుక్కున్నాడు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు మధ్య మనుషుల్ని తిప్పేవాడు. బండి పాతదే, అయినా అద్దంలా ఉండేది. సీట్ల కింద దుమ్ము కూడా లేదు. ఇంజన్ ఆన్‌లో ఉంటే పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజన్‌కు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని వినేవాడు. డాక్టరు గుండె చూసినట్టుండేది.

మా అసిస్టెంటు కడ్డీ పెట్టాడు. అంకె గీత దాటింది.

"ఫెయిల్," అన్నాను.

ఆయన కోప్పడలేదు. ఆశ్చర్యపోయాడు. జేబులోంచి తెల్ల రుమాలు తీసి పొగ గొట్టానికి అడ్డంపెట్టి, ఇంజన్ రేజ్ చేయించి, నాకు తెచ్చి చూపించాడు. "చూడండి సార్. రవ్వంత బూడిదరంగు వచ్చినాది. శానా పొగుంటే నల్లగా అయిపోవల్ల కదా?"

"రుమాలుతో కొలిచేదైతే గవర్నమెంటు ఈ మిషన్ ఎందుకు కొనిస్తుందప్పా?" అన్నాను. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆయన కూడా నవ్వి, రుమాలు మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

మూడు వారాల తర్వాత మళ్లీ వచ్చాడు. డీజిల్ చిమ్మే నాజిళ్లు కొత్తవి వేశాడు. పంపు విప్పించి సరిచేయించాడు. ఫిల్టర్లు మార్చాడు. కడ్డీ పెట్టాం. ఈసారి అంకె పోయినసారి కంటే ఎక్కువ పడింది.

ఆయన మిషన్ దగ్గరికి వచ్చి వంగి చూశాడు. "సార్, ఏమనుకోకండి. దీని లోపల అద్దముంటాది కదా, అది ఎన్ని దినాలకొకతూరి తుడుస్తాండారు? కువైట్‌లో మా గ్యారేజీలో పొద్దున్నే తుడిచేటోళ్లం. లేకుంటే మసి పట్టుకుంటాది. ఆ మసి కూడా పొగే అనుకుంటాది మిషన్."

ఆ మాట అప్పుడే విని ఉంటే ఇది రాయాల్సిన పని ఉండేది కాదు.

"నువ్వు నీ బండి చూసుకోప్పా. మిషన్ సంగతి మేం చూసుకుంటాం," అన్నాను. ఆ అద్దాన్ని ఎవరూ ఎప్పుడూ తుడవలేదు. తుడవాలని మాలో ఎవరికీ తెలియదు. ఆ సంగతి రాసున్న పుస్తకం బీరువాలో ఉంది.

మూడోసారి వచ్చినప్పుడు భార్యను కూడా వెంటబెట్టుకొచ్చాడు. బురఖా వేసుకుని, మధ్యాహ్నానికి అన్నం క్యారియర్ పట్టుకుని వేపచెట్టు కింద నిలబడిందామె. అప్పటికి రెండు నెలలుగా బండి తిరగడం లేదు. ఫిట్‌నెస్ గడువు దాటిపోయింది కాబట్టి రోడ్డెక్కితే నేనే పట్టుకోవాలి.

మళ్లీ ఫెయిల్.

ఆయన స్క్రూడ్రైవర్ తీసి ఇంజన్‌కు ఆనించి విన్నాడు. తర్వాత నా దగ్గరికి వచ్చాడు.

"నా చెవికైతే బాగుండాది సార్."

"చెవి చెప్పింది రిపోర్టులో రాయలేను," అన్నాను.

"ఒక్క పని చేయండి సార్. ఈ కడ్డీ మీ జీపుకు పెట్టి చూడండి. నెల నెలా సర్వీసు చేయించే బండి కదా. అది పాసైందంటే నా బండి ఈడనే ఇడిసిపెట్టి పోతా."

ఆ రోజు ఆవరణలో పాతికమంది దాకా ఉన్నారు. అందరూ మా వైపే చూస్తున్నారు. జీపు పది అడుగుల దూరంలో ఉంది. రెండు నిమిషాల పని. కానీ ఆటో నడిపేవాడు చెబితే ఆఫీసరు తన జీపుకు కడ్డీ పెట్టడమా అన్నది నా మనసులో మెదిలింది. న్యాయం, నిబంధన, ఇవేవీ కాదు. ఆ ఒక్కటే.

"ప్రభుత్వ వాహనం నీ పందేలకు కాదు," అన్నాను. "కొత్త బండ్లు దీంట్లో పాసైతానే ఉండాయి. అందరికీ నిజం చెప్పే మిషన్ నీ ఒక్కనికే అబద్ధం చెప్తాదా?"

ఆయన తల దించుకున్నాడు. భార్య చెట్టు కిందనుంచి వచ్చి నన్నే సూటిగా అడిగింది: "సార్, ఆ పెద్ద టిప్పర్లు పోతాండాయే, వాటికి కూడా ఈ కడ్డీ పెడతారా?"

నేను పక్కకు చూశాను. "నీకెందుకమ్మా అదంతా, పో," అని మా అటెండరు ఆమెను పంపేశాడు. చెవి చెప్పింది రాయలేనన్న నా మాట నాకే బాగా నచ్చింది. సాయంత్రం ఇంట్లో కూడా చెప్పాను. నా భార్య నవ్వలేదు. "పాపం, మూడుసార్లు వచ్చినాడా?" అని మాత్రం అంది.

ఇంకో రెండు నెలలకు మిషన్ కంపెనీ వాళ్ల టెక్నీషియన్ వచ్చాడు. నెలల ముందే రావాల్సినవాడు. పెట్టె తెరిచి, "మీ దగ్గర బాగా మెయింటెనెన్స్‌లో ఉన్న డీజిల్ బండి ఏదన్నా ఉంటే తీసుకురండి సార్, ముందు దానికి పెట్టి చూద్దాం," అన్నాడు.

డ్రైవరు జీపు తెచ్చి నిలిపాడు. కడ్డీ పెట్టాడు. యాక్సిలరేటర్ తొక్కాడు.

జీపు ఫెయిలైంది.

అసిస్టెంట్లు పకపకా నవ్వారు. నేను వంగి ఆ అంకె మళ్లీ చూశాను. టెక్నీషియన్ లోపలి అద్దం ఊడదీసి, దూదితో ఒక్కసారి తుడిచి, దూది నాకు చూపించాడు. కాటుకలా ఉంది. "ఎప్పుడూ తుడవలేదా సార్? అంకె మొదలవ్వాల్సిన సున్నా కూడా పక్కకు జరిగిపోయింది. దీంట్లో పాత బండి ఏదీ పాస్ కాదు," అన్నాడు. తుడిచి, సరిచేసి మళ్లీ జీపుకు పెట్టాడు. గీతకు ఎంతో దిగువన పాసైంది.

నేను రిజిస్టరు తీసుకుని గదిలోకి పోయి కూర్చున్నాను. ఫెయిల్ అని ఎర్ర సిరాతో నేనే రాసినవి పేజీల కొద్దీ ఉన్నాయి. ఆటోలు, పాత జీపులు, కూరగాయల ట్రాలీలు. ఆయన నంబరు మూడుచోట్ల ఉంది. మూడోదాని పక్కన 'వాహనదారుడు వాదనకు దిగినాడు' అని కూడా రాసి ఉంది. నా చేతిరాతే.

అధికారి దగ్గరికి పోయి జరిగింది చెప్పాను. అందరికీ ఉత్తరాలు రాసి, తప్పు మాదని చెప్పి, మళ్లీ పిలిచి పరీక్ష చేద్దామన్నాను.

ఆయన తలుపు వేయించాడు. "ఉత్తరాలు రాస్తే రేపు పొద్దునకు ఆఫీసు ముందర ధర్నా టెంటు వేస్తారు. మిషన్ బాగైంది కదా, ఇంకేం కావాలి నీకు?"

"వాళ్ల బండ్లు ఆగిపోయినాయి సార్."

"నువ్వు ఒక్క రూపాయన్నా తిన్నావా? లేదు. నిన్ను ఎవరేమంటారు? గమ్మునుండు."

గమ్మున ఉన్నాను. లాగ్‌బుక్‌లో 'పరికరం శుభ్రపరచడమైనది' అని రాసి సంతకం పెట్టాను. ఆ ఒక్క వాక్యం కింద ఎంతమంది బతుకులున్నాయో అది చదివేవాళ్లకు తెలియదు.

పది రోజులు ఎట్లాగో గడిపాను. పదకొండో రోజు సెలవు పెట్టి, బస్సెక్కి ప్రొద్దుటూరు పోయాను. ఫైల్లో ఉన్న అడ్రసు పట్టుకుని సందులు వెతుక్కుంటూ పోతే ఇల్లు దొరికింది. వాకిట్లో బండి ఆగే చోట నేలకు నూనె మరక ఉంది. బండి లేదు.

భార్య నన్ను గుర్తుపట్టింది. కుర్చీ వేసింది.

"ఆయన యాడికి పోయినాడమ్మా?"

"కువైట్‌కు సార్. పదైదు దినాలైంది."

"బండి?"

"పాత ఇనుము సామానోళ్లకు ఇచ్చేసినాడు. ఇచ్చేముందు రెండు దినాలు ఇంజన్ విప్పుకోని కూచున్నాడు సార్. ప్రతి ముక్కా చేత్తో పట్టుకోని చూసినాడు. యాడా తప్పు దొరకలేదంట." కొంగుతో మొహం తుడుచుకుంది. "ఆ ఆఫీసరు మారిపోయినాక పోదువులే, అంతవరకు అమ్మాకు అని అందరూ చెప్పినారు. వినలేదు. ఆ సారు దుడ్లు అడిగే మనిషి కాదు, అట్లాంటాయన ఊరికే ఫెయిల్ చేయడు, నా చెవే చెడిపోయినట్టుండాది అన్నాడు."

"మళ్లీ గ్యారేజీలోనే చేరినాడా?"

"లేదు సార్. వాళ్లు పిలిచినారు. ఈయనే వద్దన్నాడు. ఇంగ ఇంజన్ ముట్టుకోనన్నాడు. గోడౌన్‌లో మూటలెత్తే పనికి పోయినాడు."

నేను లంచగొండినై ఉంటే ఆ మనిషి నన్ను తిట్టుకుని, తన చెవిని నమ్ముకుని బతికేవాడు. నేను నిజాయితీపరుణ్ని కాబట్టి నన్ను నమ్మి, తనను తాను నమ్మడం మానేశాడు. ఇది ఎవరికైనా చెబితే అర్థమవుతుందో లేదో నాకు తెలియదు. నాకు మాత్రం ఆ వాకిట్లో ఆ క్షణమే అర్థమైంది.

చెప్పడానికే పోయాను. మిషనే తప్పని, ఆయన చెప్పిందే నిజమని చెప్పాలి. నాలుగు ముక్కలు. ఆమె టీ తెచ్చింది. తాగాను. "ఏం పని మీద వచ్చినారు సార్?" అని అడిగింది.

"ఏం లేదమ్మా. ఊరికే ఇట్ల పోతా వచ్చినా," అన్నాను.

కువైట్ ఫోన్ నంబరు మాత్రం అడిగి రాసుకున్నాను. ఆయనకే నేరుగా చెబుదామనుకున్నాను. ఆ నంబరు డైరీలోనే ఉండిపోయింది. ఈరోజు శుక్రవారం, నమాజుకు పోయుంటాడు అనుకునేవాణ్ని. ఇంకో రోజు పనిలో ఉంటాడు అనుకునేవాణ్ని. డైరీ మారినప్పుడు నంబరును జాగ్రత్తగా కొత్త డైరీలోకి ఎక్కించుకున్నాను. ఫోన్ మాత్రం చేయలేదు.

రెండేళ్ల తర్వాత, బదిలీ అయిన ఊళ్లో, లైసెన్సు కోసం వచ్చిన ప్రొద్దుటూరు డ్రైవర్లు ఇద్దరు కిటికీ దగ్గర మాట్లాడుకుంటుంటే విన్నాను. ఎండాకాలంలో గోడౌన్‌లో మూట ఎత్తబోయి పడిపోయాడంట. గుండె ఆగిందంట. అక్కడే ఖననం చేశారంట. ఇంటోళ్లు ఫోన్లో చూశారంట. వాళ్లు బండి రంగు, జమ్మలమడుగు రూటు, స్క్రూడ్రైవర్ సంగతి చెప్పుకుంటున్నారు కాబట్టి ఎవరో నాకు తెలిసిపోయింది.

ఆ రోజు మిగిలిన బండ్లన్నీ చూశాను. సంతకాలన్నీ పెట్టాను. ఎవరికీ ఏమీ తెలియలేదు. ఒక్కటి మాత్రం చేస్తూ వచ్చాను. టెక్నీషియన్ వచ్చిపోయినప్పటినుంచి రిటైరయ్యే దాకా, ప్రతి ఉదయం అద్దం నేనే తుడిచి, మొదట మా జీపుకు కడ్డీ పెట్టేవాణ్ని. కొత్తగా చేరిన మీరూ పెట్టండి. జనం చూస్తుండగా పెట్టండి. ఎవరైనా 'మీ మిషన్ చూసుకోండి' అంటే కోపం తెచ్చుకోకండి, అదొక్కటే మీకు ఊరికే దొరికే సాయం. టిప్పర్లు వరసలో ఎందుకు లేవని ఎవరైనా అడిగితే, నాలాగా పక్కకు చూడకండి. పెద్ద పొగను వదిలేసి చిన్న పొగను కొలవడం వల్ల ఊరి గాలి బాగుపడలేదు. నేను పనిచేసిన ఏ ఊళ్లోనూ బాగుపడలేదు.

రిటైరైన మరుసటి వారం ప్రొద్దుటూరు పోయాను. ఈసారి కుర్చీలో కూర్చోలేదు. నిలబడే చెప్పాను.

"అమ్మా, ఆ రోజు మీ ఆయన బండి బాగానే ఉండేది. మా మిషన్ లోపల మసి పట్టింది. ఆయన చెప్పినాడు, నేను వినలేదు. జీపుకు పెట్టి చూడమన్నాడు, చూడలేదు. తర్వాత చూస్తే మా జీపు కూడా ఫెయిలైంది. పోయినసారి మీ ఇంటికి వచ్చింది ఇది చెప్పేదానికే. చెప్పలేకపోయినా."

ఆమె తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను. ఆమె నా మొహంలోకే చూసింది.

"అంటే ఆయన చెవి చెడిపోలేదా సార్?"

"లేదమ్మా. సరిగ్గానే విన్నాడు."

"ఫోన్ చేసినప్పుడల్లా అదే అడిగేటోడు. ఏం తప్పు చేసినా, ఏం ఇనపడలేదు నాకు అని." ఆమె నా వైపు ఒక అడుగు వేసింది. "ఒక్క మాట సార్. ఆయన ఉన్నప్పుడు చెప్పింటే..." అని ఆగి, లోపలికి తిరిగి కూతుర్ని పిలిచింది. ఆ అమ్మాయి చంకలో బిడ్డతో వచ్చి నిలబడింది.

"చెప్పండి సార్, ఇప్పుడు చెప్పింది పాపకు కూడా చెప్పండి."

చెప్పాను.

ఆమె వాకిట్లోకి పోయి ఎదురింట్లో ఉన్న మరిదిని పిలిచింది. పక్కింటి ముసలాయన్ని పిలిచింది. ఆయన రోజూ ఆ బండి మీదే జమ్మలమడుగు పోయేవాడంట. సందులో పోతున్న ఆటోను ఆపి, ఆ డ్రైవర్ని కూడా దిగమంది. అందరూ నా చుట్టూ నిలబడ్డారు.

"మళ్లా చెప్పండి సార్," అంది. "మొదటినుంచి."

నేను మొదటినుంచి మళ్లీ చెప్పాను.